గల్లా పెట్టె అడుగున బొటనవేలు: మా బడి వేలిముద్రల ప్రాజెక్టు డైరీ

ఆగస్టు చివరి వారం

ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో చేయబోయే ప్రాజెక్టు ఇది. సైన్స్ గదిలో ఒక కిరాణా షాపు పెడతాం. అందులో దొంగతనం జరిపిస్తాం. వేలిముద్రలతో దొంగను పట్టుకుంటాం. జిల్లా సైన్స్ ప్రదర్శనకు పంపాలన్న ఆలోచన ఉంది కానీ అసలు కారణం వేరే ఉంది. మాది పరకాల దారిలో ఉన్న జెడ్పీ హైస్కూలు. హనుమకొండలోనో కాజీపేటలోనో షాపు షట్టర్ పగలగొట్టారని పేపర్లో వచ్చినప్పుడల్లా వార్త చివర ఒకటే వాక్యం ఉంటుంది: క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు సేకరించింది. ఆ తర్వాత ఏం జరుగుతుందని అడిగితే మా పిల్లలందరిదీ ఒకటే జవాబు. "కంప్యూటర్ల వేస్తే ఫొటోతోని పేరు వస్తది టీచర్, అంతే."

ముద్ర దొరకడానికీ దొంగ దొరకడానికీ మధ్య చాలా పని ఉంది. ఆ పనిలో ఎక్కడెక్కడ జారిపడొచ్చో పిల్లలు సొంత చేతులతో చేసి చూడాలని నా కోరిక. ముద్ర చెప్పేది "ఈ వేలు ఇక్కడ తగిలింది" అని మాత్రమే. దొంగతనం చేసిందని అది చెప్పదు. ఈ తేడా పుస్తకంలో చదివితే కింద ఒక గీత గీసుకుని వదిలేస్తారు.

దొంగ ఎవరో నిర్ణయించే పని ఫిజికల్ సైన్స్ సారుకు అప్పగించాను. నాకు కూడా చెప్పొద్దన్నాను. పిల్లల పక్కన నిలబడి దారి చూపించేదాన్ని నేను. నాకు జవాబు తెలిస్తే వాళ్లు ముద్రను చూడటం మానేసి నా మొహం చూస్తారు.

సామాను బడి ఎదురుగా ఉన్న కిరాణా షాపు అక్క ఇచ్చింది: నల్ల రంగు వేసిన రేకు గల్లా పెట్టె, మూతలున్న గాజు సీసాలు, పాత కాంటా. ఉద్దెర పుస్తకం మాత్రం ఇవ్వనంది. ఊళ్లో ఎవరికెంత బాకీ ఉందో పిల్లల కంటపడటం బాగుండదని చెప్పింది. ఆమె మాట నాకు నచ్చింది. కొత్త పుస్తకం కొని ఊళ్లో లేని పేర్లతో లెక్కలు రాయించాం.

సెప్టెంబరు మొదటి వారం

ముద్రలు తీసుకునే ముందు ప్రతి ఇంటికీ ఉత్తరం పంపాను. తల్లో తండ్రో సంతకం పెట్టిన పిల్లల ముద్రలే తీస్తాం. కార్డు మీద పేరు ఉండదు, నంబరు మాత్రమే. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం నా బీరువాలో ఉంటుంది. ప్రాజెక్టు అయిపోయాక కార్డులన్నీ పిల్లల ముందే కాల్చేస్తాం.

ఇంత పట్టింపు ఎందుకని తోటి టీచరు అడిగారు. మన తెలంగాణలోనే, పెద్దపల్లి జిల్లాలో 2018లో జరిగిన సంగతి చెప్పాను. సిమ్ కార్డులు అమ్మే ఒకతను, ఆన్‌లైన్‌లో ఉన్న భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను దించుకుని రబ్బరు ముద్రలు తయారు చేశాడు. వాటితో పరాయివాళ్ల ఆధార్ మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. పిల్లల ముద్రలు నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ బాధ్యత నాదే.

స్టాంపు ప్యాడ్ సిరా మా పనికి బాగాలేదు. తడి ఎక్కువై గీతల మధ్య సందులు పూడిపోతున్నాయి. అందుకే పెన్సిలు పద్ధతి పట్టుకున్నాం. తెల్ల కాగితం మీద మెత్తటి పెన్సిలుతో దట్టంగా రుద్ది, ఆ మసిలో వేలిని గోరు అంచు నుంచి అటువైపు గోరు అంచు దాకా దొర్లించాలి. తర్వాత వేలి మీద సెల్లో టేపు అంటించి తీస్తే గీత గీతా వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వేలి మీద నుంచి టేపుతో తీసిన ముద్రను తెల్ల కాగితం మీద అంటిస్తే, అది వేలిని నేరుగా చూసినట్టు కనిపిస్తుంది. గాజు మీద పడ్డ ముద్ర అట్లా ఉండదు, కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. రెంటినీ అట్లాగే పక్కపక్కన పెడితే ఒకే వేలు కూడా ఎప్పటికీ కలవదు. అందుకే టేపును పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద అంటించి, షీటును తిప్పి వెనకవైపు నుంచి చూడాలి. ప్రతి షీటు మీద 'చూడాల్సిన వైపు' అని మార్కరుతో రాయించాను.

కార్డులు పెరిగేకొద్దీ పిల్లలు గీతల మీద పడ్డారు. ఒకవైపు నుంచి వచ్చి మెలిక తిరిగి అటువైపే వెళ్లిపోయేవి లూప్‌లు, నడుమ గుండ్రంగా తిరిగేవి సుడులు, కొండలా లేచి దిగేవి ఆర్చ్‌లు. లూప్‌లు 60 నుంచి 65 శాతం, సుడులు 30 నుంచి 35, ఆర్చ్‌లు 5 శాతం దాకా ఉంటాయని పుస్తకాలు చెప్పే లెక్క. మా కార్డుల్లోనూ ఆర్చ్ కనబడితే పండగే. ఒక పాప చూపుడువేలికి ఆర్చ్ ఉంది, ఆ రోజంతా క్లాసు క్లాసే వచ్చి ఆ వేలు చూసిపోయింది.

ఎనిమిదో తరగతిలో కవల అక్కాచెల్లెళ్లు ఉన్నారు. ఇద్దరి కుడి బొటనవేళ్లూ సుడులే, దూరం నుంచి ఒకటే అనిపిస్తాయి. భూతద్దం పెట్టి సుడి నడిబొడ్డు నుంచి బయటికి ఒక్కో గీతా లెక్కపెడుతూ పోతే, అక్కకు గీత రెండుగా చీలిన చోట చెల్లెలికి గీత ఆగిపోయింది. గీతలు తల్లి కడుపులో మూడో నెల దాటుతుండగా మొదలై ఆరో నెలకల్లా స్థిరపడతాయి. ఒకే జన్యువులున్నా కడుపులో వేలి చుట్టూ ఉన్న ఒత్తిడీ పెరుగుదలా ఇద్దరికీ ఒకేలా ఉండవు. "మమ్మల్ని అందరు కలిపి పిలుస్తరు టీచర్, గిది మాత్రం వేరే" అంది చెల్లెలు, భూతద్దం వదలకుండా.

సెప్టెంబరు రెండో వారం

లెక్కల సారు ఒక పీరియడ్ ఇచ్చారు. కార్డులన్నీ కుప్పగా ఉంటే ఒకటి వెతకడానికి ఎంతసేపు పడుతుంది? వేలల్లో ఉంటే? 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టినప్పుడు అక్కడివాళ్లకు ఎదురైన ప్రశ్న ఇదే. అంతకు చాలా ముందు, 1858లోనే, బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే బ్రిటిష్ అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద సంతకానికి తోడుగా అరచేతి ముద్ర వేయించుకున్నాడు. కానీ ముద్రలు పోగుచేయడం వేరు, పోగుచేసిన వాటిలో ఒకటి వెతికి తీయడం వేరు. ఆ చిక్కు విప్పింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు.

పద్ధతి ఇది. కుడి బొటనవేలు 1, అట్లా వరుసగా ఎడమ చిటికెన వేలు 10. రెండేసి వేళ్లు ఒక జత. మొదటి జతలో ఏ వేలికి సుడి ఉన్నా 16, రెండో జతకు 8, తర్వాత 4, 2, 1. సుడి లేకపోతే సున్నా. సరి సంఖ్య వేళ్ల విలువలు కూడి ఒకటి కలిపితే పైన లవం, బేసి వేళ్లవి కూడి ఒకటి కలిపితే కింద హారం. పైన 32 రకాలు, కింద 32 రకాలు, మొత్తం 1024 గళ్లు. ఏ కార్డు ఏ గడిలో ఉండాలో లెక్కే చెబుతుంది. మా పిల్లలు ఎవరి భిన్నం వాళ్లు కట్టుకున్నారు. సుడులే లేని పిల్లాడికి 1/1 వచ్చింది, పదీ సుడులే ఉన్న పాపకు 32/32.

ఈ పద్ధతికి లోకంలో స్థిరపడ్డ పేరు వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. చేసినవాళ్ల పేరు ఎందుకు పెట్టలేదని పిల్లలు గట్టిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మా చార్టు మీద హక్, బోస్ పేర్లు పెద్ద అక్షరాల్లో పైన రాయించాను.

సెప్టెంబరు మూడో వారం: పౌడర్లు

ఒక పిల్లాడి మేనమామ క్లూస్ టీంలో పనిచేసి రిటైరయ్యారు. అడగ్గానే వచ్చారు. గాజు సీసా చేతిలోకి తీసుకోవడంలోనే తేడా తెలిసింది. సీసాను అరచేత్తో పట్టుకోలేదు, పైన మూత అంచునూ కింద మట్టునూ రెండు వేళ్లతో నొక్కి లేపారు. "మనుషులు ముట్టని చోటు ఏదో ఆ చోటే మనం ముట్టాలె" అన్నారు పిల్లలతో.

వేలి కొనల్లో నూనె గ్రంథులు ఉండవు, చెమట రంధ్రాలే ఉంటాయి. ఆ చెమటలో నీళ్లే ఎక్కువ. కాస్త ఉప్పూ అమైనో ఆమ్లాలూ ఉంటాయి. జిడ్డు మాత్రం మనం మొహం తుడుచుకున్నప్పుడో తల సవరించుకున్నప్పుడో వేళ్లకు అంటుకుంటుంది. పౌడరు పట్టేది ఆ తడికీ జిడ్డుకే. తలకు నూనె పెట్టుకొచ్చిన పిల్లల ముద్రలు పొద్దున పూట బ్రహ్మాండంగా వచ్చాయి. మధ్యాహ్న భోజనం తిని సబ్బుతో చేతులు కడుక్కున్నాక అవే వేళ్లు గాజు మీద దాదాపు ఏమీ వదల్లేదు. ఇది ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు, భోజనం బెల్లుకు ముందూ వెనకా సీసాలు పెట్టి పిల్లలే కనిపెట్టారు.

పౌడరు చల్లడం చూడటానికి తేలిక, చేయడం కష్టం. బ్రష్ కొనకు అంటీ అంటనట్టు పౌడరు తీసుకుని, ముందు కాగితం మీద దులిపి, ఉపరితలానికి వెంట్రుక కొనలు మాత్రమే తగిలేలా తిప్పాలి. మొదట బూడిదరంగు మసక కనిపిస్తుంది. అందులోంచి నాలుగైదు వంకర గీతలు తేలతాయి. అప్పుడు బ్రష్‌ను అడ్డంగా కాదు, గీతలు పోతున్న వైపే నడపాలి. ఆ మామయ్య చేతిలో బ్రష్ తిరుగుతుంటే సుడి నడుమ నుంచి విచ్చుకుంటూ వచ్చింది. వెనకనున్న పిల్లలు బెంచీలెక్కారు. "పౌడర్ ఎక్కువైతే ముద్ర చచ్చిపోతది. ఒక్కసారి చచ్చిపోయినంక ఎవ్వడు లేపలేడు" అన్నారు. పిల్లలు ఆ మాట గోడ మీద రాసి పెట్టుకున్నారు.

మేం వాడినవి: గాజు మీద దీపం మసి, మెత్తగా నూరిన పెన్సిలు ముల్లు, నల్ల రేకు మీద టాల్కం పౌడరు. పసుపు కూడా నల్లటి వాటి మీద బాగానే పట్టింది, కాకపోతే మన వంటింటి పసుపు కాస్త గరుకు, పలచటి బట్టలో జల్లించాలి. కారంపొడి వేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. వరంగల్ మిర్చి కళ్లలో పడితే ఎట్లుంటదో తెలిసిన ఊరు మాది, వద్దన్నాను.

దసరా సెలవులు

సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ల వేళ్లు భూతద్దంతో చూసి రమ్మన్నాను, ముద్రలు తీయొద్దని చెప్పి. ఒక పాప వాళ్ల అవ్వను వెంటబెట్టుకుని బడికే వచ్చింది. ఆమె ఏళ్ల తరబడి మిరప కాయ తెంపింది, పత్తి ఏరింది. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ భూతద్దం కింద నున్నగా మెరుస్తున్నాయి. గీతలు అక్కడక్కడ తెగిన పోగుల్లా మాత్రమే ఉన్నాయి. "నా వేళ్లు ఎన్నడో అరిగిపోయినయి టీచరమ్మా. రేషన్ కాడ మిషన్ నన్ను గుర్తువట్టది, కండ్లు చూపిస్తేనే బియ్యమిస్తడు" అంది.

పిల్లల నోటుబుక్కులో ఆ రోజు నేను రాయించిన వాక్యం: ముద్ర దొరకలేదంటే ముట్టుకోలేదని అర్థం కాదు. కష్టం చేసే చేతులు ముద్రలు వదలకపోవచ్చు, కడుక్కున్న చేతులు వదలకపోవచ్చు, గుడ్డ చుట్టుకున్న చేతులు వదలవు.

అక్టోబరు: కాగితం, ప్లాస్టిక్

కాగితం మీద పౌడరు సరిగ్గా పనిచేయదు, చెమట లోపలికి ఇంకిపోతుంది. ల్యాబులో అయోడిన్ స్ఫటికాలున్నాయి. జిప్ కవరులో నాలుగు పలుకులు వేసి, ముట్టుకున్న కాగితం పెట్టి, కవరు అడుగున అరచేయి ఆనిస్తే చాలు, ఆ వెచ్చదనానికే ఊదారంగు ఆవిరి లేస్తుంది. కాగితం మీద గోధుమరంగు ముద్రలు తేలతాయి. ఈ ఆవిరి పీల్చకూడదు. కిటికీలన్నీ తెరిచి, కవరు నేనే పట్టుకుని చేశాను.

బయటికి తీసిన కాసేపటికే ముద్ర మాయమైపోతుంది. దాన్ని నిలపడానికి పిండిపదార్థం కావాలి. అయోడిన్‌కు పిండి తగిలితే నల్లటి నీలం వస్తుందని ఏడో తరగతిలో ఆలుగడ్డ మీద చేసిన ప్రయోగమే. మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గర గంజి తెచ్చి, వడగట్టి, బాగా పలచన చేసి స్ప్రే సీసాతో కొట్టాం. ముద్ర నీలంగా నిలబడింది.

ప్లాస్టిక్ కవర్ల కోసం ఫెవిక్విక్. అందులో ఉండే సయనోఅక్రిలేట్ ఆవిరి ముద్రలోని తేమ దగ్గర గట్టిపడి తెల్లటి పొరగా మారుతుంది. 1970ల చివర జపాన్‌లో మొదలైన పద్ధతి ఇది. కళ్లు మండుతాయి కాబట్టి వేప చెట్టు కింద, మూత బిగించిన డబ్బాలో వేడినీళ్ల గ్లాసుతో పాటు పెట్టాం. పిల్లల్ని దూరంగా నిలబెట్టాను. బిస్కెట్ ప్యాకెట్ మీద నాలుగు వేళ్లూ తెల్లగా తేలాయి.

నవంబరు మొదటి వారం: దొంగతనం

పాత్రలన్నీ పదో తరగతివాళ్లవి. ఒక అమ్మాయి షాపు యజమానురాలు. బిస్కెట్లు కొనే అబ్బాయి, బాకీ ఉన్న ఒక కస్టమరు, సరుకు దించే అబ్బాయి, ఇంకా ఇద్దరు ముగ్గురు. చివరి బెల్లు తర్వాత సారు వాళ్లతో నాటకం నడిపించారు. తెల్లారి తొమ్మిదో తరగతి గది తలుపు తీసింది.

గల్లా పెట్టెకు తాళం అట్లాగే ఉంది, లోపల పైసలు లేవు. పైన నాణేలు వేసే సందు ఉంది. ఉద్దెర పుస్తకంలో ఒక పేజీ చింపేసి ఉంది.

ముందు ఫొటోలు, తర్వాత కొలతలతో బొమ్మ, తర్వాత పంచనామా. ఇద్దరు పంచులు సంతకాలు పెట్టారు. ప్రతి వస్తువుకూ కవరు, కవరు మీద తారీఖు, టైము, తీసినవాళ్ల నంబరు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన ప్రతిసారీ సంతకం. ఈ రాతపని పిల్లలకు విసుగు పుట్టిస్తుందని అనుకున్నాను. వాళ్లు దీన్నే ఎక్కువ శ్రద్ధగా చేశారు.

సీసాల మీద ముద్రలు పొరలు పొరలుగా ఉన్నాయి. అందులో బిస్కెట్లు కొన్న అబ్బాయివి అన్నిటికంటే స్పష్టం. గల్లా మూత మీద కూడా అతని మూడు వేళ్లు దొరికాయి. మధ్యాహ్నానికల్లా కేసు తేలిపోయినట్టే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వరండాలో అతను కనబడితే 'దొంగ' అని పిలుపులు. మూడో రోజు ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. "ఆట అని తెలుసు టీచర్. కానీ వాళ్లు నిజంగనే అట్ల చూస్తున్నరు" అన్నాడు.

ఆ పూట పౌడర్లు పక్కన పెట్టించాను. షాపుకొచ్చినవాడు సీసా ముట్టడా? పైసలిచ్చేటప్పుడు గల్లా మీద చెయ్యి ఆనించడా? అక్కడ అతని ముద్ర ఉండటానికి మామూలు కారణం ఉన్నప్పుడు ఆ ముద్ర దేన్ని రుజువు చేస్తుంది? తరగతి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్లే వెళ్లి ఆ అబ్బాయికి సారీ చెప్పి వచ్చారు. ప్రాజెక్టు మొత్తంలో నాకు ముఖ్యమైన రోజు అదే. నిజం కేసుల్లో ఇట్లాంటి చూపు పడ్డ మనిషికి ఊళ్లో ఏ మొహం మిగులుతుంది?

నవంబరు మూడో వారం: అడుగు భాగం

సోదా మళ్లీ మొదలైంది. ఈసారి ప్రశ్న మారింది: మామూలుగా ఎవరూ ముట్టని చోటు ఏది? ఒక పాప గల్లా పెట్టెను అంచులు పట్టి తిప్పింది. అడుగు భాగం నల్ల రేకు. టాల్కం పౌడరు చల్లితే ఎడమ అంచుకు దగ్గరగా ఒక బొటనవేలు, కొన పెట్టె నడుమ వైపు చూస్తూ తేలింది. కుడి అంచున ఇంకొకటి ఉంది కానీ జారిపోయింది, పనికిరాలేదు.

టేపుతో లేపి నల్ల అట్ట మీద అంటించాం. తెల్ల పౌడరు కాబట్టి ఇక్కడ గీతలు తెల్లగా, సందులు నల్లగా ఉంటాయి. పెన్సిలు కార్డుల్లో దీనికి రివర్స్. ఈ తేడా మనసులో పెట్టుకోకపోతే సందునే గీతనుకుని పోల్చే ప్రమాదం ఉంది. ఫోన్లో ఫొటో తీసి రంగులు తిరగేసి ప్రింటు తీయించాం.

ఒక జట్టు కార్డులతో పోల్చింది. ముందు నమూనా: సుడి. దాంతో సగం మంది పక్కకు పోయారు. తర్వాత సుడి నడిబొడ్డు నుంచి ఒక్కో గుర్తు. ఇక్కడ గీత ఆగింది, దాని పక్క గీత చీలింది, మూడు గీతల అవతల చిన్న చుక్క. ఒక్కో గుర్తుకూ రెండు ప్రింట్ల మీదా ఒకే నంబరు వేశారు. అది సరుకు దించే అబ్బాయి ఎడమ బొటనవేలు. ఎన్ని గుర్తులు కలిస్తే చాలని అడిగారు. ఇంగ్లండ్‌లో చాలా కాలం 16 ఉండాలన్న నియమం ఉండేది, 2001లో తీసేశారు. అంకె కంటే ఆ గుర్తులు ఎంత స్పష్టంగా ఉన్నాయి, కలవని గుర్తు ఒక్కటైనా ఉందా అన్నది ముఖ్యం. వివరించలేని తేడా ఒక్కటి కనిపించినా ఆగిపోవాల్సిందే.

రెండో జట్టుకు మొదటి జట్టు జవాబు చెప్పకుండా అవే కాగితాలు ఇచ్చాను. ఎందుకో చెప్పడానికి 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల సంగతి చెప్పాను. దొరికిన ఒక సంచి మీది ముద్రను కంప్యూటర్లో వెతికితే వచ్చిన జాబితాలో అమెరికాలోని బ్రాండన్ మేఫీల్డ్ అనే లాయరు ముద్ర ఉంది. ఎఫ్‌బీఐ నిపుణులు అది అతనిదేనన్నారు. తనిఖీ చేసినవాళ్లకు ముందువాళ్ల జవాబు తెలుసు, వాళ్లూ అవునన్నారు. అతన్ని నిర్బంధించారు. స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర వేరే మనిషిదని తేల్చాక వదిలి, క్షమాపణ చెప్పారు.

'కంప్యూటర్ల పేరు వస్తది' అన్న మాటకు అప్పుడు జవాబు దొరికింది. మన దేశంలో 2022లో మొదలైన నాఫిస్‌లాంటి వ్యవస్థలు కోట్లలో ఉన్న ముద్రల్లోంచి దగ్గరగా ఉన్నవాటిని ఏరి ముందు పెడతాయి. అదా కాదా అని తేల్చాల్సింది భూతద్దం పట్టుకున్న మనిషే.

రెండో జట్టు కూడా సరుకు దించే అబ్బాయి దగ్గరికే వచ్చింది.

డిసెంబరు మొదటి వారం: కోర్టు

పదో తరగతి అమ్మాయి నిందితుడి తరఫు లాయరు. సోషల్ సారు జడ్జి. లాయరు వాదన గట్టిగా ఉంది: సరుకు దించేటప్పుడు అట్టపెట్టె పెట్టడానికి నా క్లయింటు గల్లాను పక్కకు జరిపాడు, అడుగున వేలు తగిలింది. పైగా ఆ ముద్ర పోయిన వారానిది కాదని ఎట్లా చెబుతారు?

ముద్ర వయసు చూసి చెప్పే నమ్మకమైన పద్ధతి ఏదీ లేదు. కానీ తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లాడు యజమానురాలిని రెండోసారి విచారించినప్పుడు ఒక ప్రశ్న అడిగి ఉన్నాడు: గల్లాను చివరిసారి ఎప్పుడు కడిగినవ్? దొంగతనం జరిగిన రోజు మధ్యాహ్నమే సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి తుడిచానని ఆమె చెప్పింది. పంచనామాలో సంతకంతో ఉంది. అంటే ముద్ర ఆ తర్వాతదే.

ఇక పక్కకు జరపడం. దీనికి వాళ్లు కోర్టులోనే పరీక్ష చేసి చూపించారు. చేతులకు పిండి రాసుకుని ఒకరి తర్వాత ఒకరు గల్లాను ఎత్తి జరిపారు. ప్రతిసారీ అడుగున నాలుగు వేళ్లు, పక్క రేకు మీద బొటనవేలు. బొటనవేలు అడుగున పడాలంటే పెట్టెను బోర్లించి రెండు చేతులా పట్టుకోవాలి, సందులోంచి పైసలు దులపడానికి పట్టుకున్నట్టు. అప్పుడు బొటనవేళ్లు రెండూ అడుగు రేకు మీద, కొనలు నడుమకు. సరిగ్గా మా ముద్ర ఉన్నట్టే. లాయరు పిల్ల పెట్టెను తనే చేతిలోకి తీసుకుని బోర్లించి చూసి, ఇంక ప్రశ్నలు లేవంది.

నిపుణుల అభిప్రాయాన్ని కోర్టు వినొచ్చని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 39వ సెక్షన్ చెబుతుంది. తీర్పు మాత్రం జడ్జిది. 1898 నాటి కేసు ఒకటి ఉంది. బెంగాల్‌లోని జల్‌పాయిగురి దగ్గర ఒక తేయాకు తోట మేనేజరు హత్య జరిగింది. పంచాంగం మీద దొరికిన నెత్తుటి బొటనవేలి ముద్ర, అంతకుముందు శిక్షపడి వచ్చిన కంగాలీ చరణ్‌దని కలకత్తా బ్యూరో తేల్చింది. కోర్టు అతనికి దొంగతనం కింద శిక్ష వేసింది. ముద్ర అతను అక్కడ ఉన్నాడని, వస్తువులు ముట్టాడని చూపించింది, చంపాడని చూపించలేదు కాబట్టి హత్య నేరం కొట్టేసింది. మా సోషల్ సారు తన తీర్పులో ఈ కేసు చదివి, గల్లా దొంగతనం రుజువైందన్నారు. ఫిజికల్ సైన్స్ సారు జవాబు రాసి దాచిన మొదటి కవరు విప్పారు. పేరు సరిపోయింది.

డిసెంబరు రెండో వారం: చింపిన పేజీ

సారు దగ్గర రెండో కవరు ఉంది. గల్లా దొంగా పేజీ చింపినవాడూ ఒకరేనని పిల్లలు మొదటి నుంచీ అనుకుంటున్నారు. ఒకరేనని ఎవరు చెప్పారు?

చింపిన పేజీ కిందనున్న పేజీకి అయోడిన్ పెట్టాం. పేజీ లాగేటప్పుడు ఎడమ చెయ్యి ఆనించి ఉండాలి, అంచు దగ్గర సగం ముద్ర వచ్చింది, లూప్. సరుకు దించే అబ్బాయిది కాదని ఖాయం, అతని ఎడమ చేతి వేళ్లలో లూప్ లేదు. బాకీ ఉన్న కస్టమరు వేలితో ఐదు గుర్తులు కలుస్తున్నట్టున్నాయి. ఒక జట్టు అతనిదే అంది. రెండో జట్టు చెప్పలేమంది. బాకీ ఉన్నవాడే పేజీ చింపి ఉంటాడన్నది తేలిగ్గా నమ్మబుద్ధేసే కథ, అందుకే మొదటి జట్టును కథ పక్కనపెట్టి గీతలు మాత్రమే చూడమన్నాను. మళ్లీ చూశారు. ఐదులో రెండు మసక. రిజిస్టరులో 'తేల్చలేం' అని రాసి అందరూ సంతకాలు చేశారు.

ఈ పేజీకి గంజి కొట్టలేదు, కావాలనే. అయోడిన్ ఆవిరైపోయాక అదే కాగితం మీద నిన్‌హైడ్రిన్ వాడొచ్చు. అది చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదారంగు తెస్తుంది, అయోడిన్‌కు దొరకని గీతలు దానికి దొరికే అవకాశం ఉంది. హనుమకొండలో ఎమ్మెస్సీ చదువుతున్న మా పాత విద్యార్థిని వాళ్ల మేడంతో మాట్లాడి, ల్యాబులో ఆవిరి లాగే గూటి కింద చేయడానికి ఒప్పించింది. ఉద్దెర లెక్కలు బాల్‌పెన్‌తో రాసినవి, నిన్‌హైడ్రిన్‌ను అసిటోన్‌లో కలిపితే ఆ సిరా కరిగి ముద్ర మీదికి పారుతుంది. అందుకని ముందు పేజీని స్కేలు పెట్టి ఫొటో తీయాలి, సిరాను కదిలించని ద్రావణం దొరుకుతుందేమో మేడంను అడగాలి, అదే బాల్‌పెన్‌తో రాసిన వేరే కాగితం మీద ముందు చేసి చూడాలి. సంక్రాంతి సెలవులు అయిపోగానే ఈ పని పెట్టుకుంటాం. అప్పటిదాకా రెండో కవరు విప్పొద్దని సారుకు పిల్లలే చెప్పారు.